చీలమండ విరిగి కోలుకుంటున్న కాలంలో బరువు పెరగకుండా, సత్తువ తగ్గకుండా ఉండడం ఎలా?

ప్రశ్న:

నా వయసు 43 సంవత్సరాలు. మెట్లు దిగుతుండగా పాదం మడతపడి కుడి చీలమండ దగ్గర రెండు ఎముకలూ విరిగాయి. శస్త్రచికిత్స చేసి ప్లేటు, స్క్రూలు అమర్చారు. నేటికి 25 రోజులైంది. కుట్లు తీసేశారు, గాయం చక్కగా మానిందని చెప్పారు. మోకాలి కింది వరకు వచ్చే గట్టి బూటు వేసి, మొత్తం ఆరు వారాలు కుడి పాదాన్ని నేలకు ఆనించనే కూడదని, చంకకర్రలతోనే తిరగాలని ఆదేశించారు.

ప్రమాదానికి ముందు నేను రోజూ 5 నుంచి 6 కిలోమీటర్లు నడిచేవాణ్ణి. ఇప్పుడు పగలంతా కుర్చీలోనో మంచం మీదో గడిచిపోతోంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గాని, నా విషయంలో ఆ కొండ నా పొట్ట దగ్గరే లేస్తోంది. అంతకుముందు 78 కిలోలు ఉండేవాణ్ణి. నిన్న తూచుకుంటే 82 చూపించింది. ఆ భయంతో పది రోజులుగా ఉదయం ఏమీ తినకుండా, మధ్యాహ్నం ఒక్కపూట భోజనంతోను, రాత్రి పండ్లతోను సరిపెట్టుకుంటున్నాను. బరువు దిగడం లేదు సరికదా, లేచి చంకకర్రలతో నాలుగడుగులు వేసేసరికి కళ్లు తిరుగుతున్నాయి. మరో వింత ఏమిటంటే, ప్యాంటు నడుము దగ్గర బిగుతైంది, కుడి తొడ దగ్గర మాత్రం వదులైంది.

ఈ స్థితిలో నేను ఏ వ్యాయామాలు చేయవచ్చు? తిండి ఎంతవరకు తగ్గించవచ్చు? ఎముక అతుక్కునేదాకా ఇవన్నీ పక్కన పెట్టడమే మంచిదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

మొదటి సమాధానం (ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్నవారు):

మీరు చివర్లో వింత అంటూ రాసిన సంగతి దగ్గరే నేను మొదలుపెడతాను. నడుము బిగుతై, తొడ వదులైందంటే పైన కొవ్వు చేరుతోంది, కింద కండ కరుగుతోంది. బరువు తూచే యంత్రం ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది కాబట్టి దానిని చూసి మీరు కొవ్వు గురించి మాత్రమే కంగారుపడ్డారు. నిజానికి ముందుగా పట్టించుకోవలసింది ఆ తొడను. ఆరోగ్యంగా ఉన్న యువకుల ఒక కాలికి కట్టు వేసి కదలనివ్వకుండా పరిశీలించినప్పుడు, రెండు వారాలకే తొడ ముందు భాగంలోని కండరం పరిమాణంలో సుమారు 8 శాతం తగ్గింది. బలం అంతకంటే చాలా ఎక్కువగా పడిపోయింది. వాళ్లకు గాయం లేదు, శస్త్రచికిత్స లేదు, తిండికి కొదవ లేదు. మీకు ఈ మూడూ ఉన్నాయి.

విశ్రాంతి కావలసింది చీలమండకు. తుంటికి, తొడకు, ఎడమ కాలికి, నడుముకు, చేతులకు విశ్రాంతి ఇమ్మని మీ వైద్యులు చెప్పి ఉండరు. అయితే నేను కింద చెప్పేవి మొదలుపెట్టే ముందు ఒక మాట వారిని అడగండి: రోజులో కొంతసేపు బూటు విప్పి పాదాన్ని పైకీ కిందికీ కదిలించవచ్చా? కొందరికి ఈపాటికే అనుమతి ఇస్తారు, ఎముక విరిగిన తీరును బట్టి మరికొందరికి ఇవ్వరు. అది ఎక్స్‌రే చూసినవారే తేల్చాలి. మిగతా వ్యాయామాలన్నీ బూటు ఉండగానే చేయదగినవి.

మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చోండి. కుడి మోకాలి వెనుక భాగాన్ని పరుపులోకి అదుముతున్నట్టుగా తొడను బిగించి, అయిదు సెకన్లు ఉంచి వదలండి. చేస్తున్నప్పుడు మోకాలి చిప్పకు కాస్త పైన వేళ్లు ఆనించి చూడండి. కండరం సరిగ్గా పనిచేస్తే వేళ్ల కింద అది రాయిలా గట్టిపడుతుంది, చిప్ప కొద్దిగా తొడ వైపు జరుగుతుంది. అదే పని ఎడమ కాలితో చేసి రెండింటినీ పోల్చుకుంటే, కుడివైపు ఎంత మెత్తగా మిగిలిందో మీకే తెలుస్తుంది. పదేసి సార్లు చొప్పున రోజుకు నాలుగైదు విడతలు చేయండి. తరువాత మోకాలు వంచకుండా కాలిని జానెడు ఎత్తు లేపి నెమ్మదిగా దించండి. బూటు బరువు ఉండనే ఉంది కాబట్టి వేరే బరువులు కట్టుకోనక్కరలేదు. ఎడమవైపు తిరిగి పడుకుని కుడి కాలిని పక్కకు లేపడం, బోర్లా పడుకుని వెనక్కి లేపడం కూడా చేయండి. ఈ రెంటినీ చాలామంది దాటవేస్తారు. తుంటి పక్కనున్న కండరాలు నీరసిస్తే, చీలమండ పూర్తిగా బాగైన తరువాత కూడా నడకలో ఒరుగుడు మిగిలిపోతుంది.

ఎడమ కాలిని మరచిపోకండి. ఒకవైపు అవయవానికి వ్యాయామం ఇస్తే రెండోవైపు అవయవానికీ కొంత బలం చేకూరుతుందని 1894లోనే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో గమనించారు. కదలని కండరం ఆ మేరకు పెరిగిపోదు గాని, దానిని నడిపించే నాడీ వ్యవస్థ పదును కోల్పోకుండా ఉంటుంది. గోడకు ఆనించిన గట్టి కుర్చీ ఒకటి తీసుకుని, చేతులతో కుర్చీ పిడుల ఆసరా పట్టుకుని, కుడి పాదం గాలిలో ఉంచి, ఎడమ కాలి మీద లేచి కూర్చోవడం సాధన చేయండి. చక్రాలున్న కుర్చీ ఇందుకు పనికిరాదు. మొదటి వారం పక్కన ఒకరు నిలబడి ఉండడం మంచిది.

గుండెకు, ఊపిరికి పని చెప్పాలంటే కూర్చునే చేయవచ్చు. వీపు ఆనించకుండా నిటారుగా కూర్చుని, పిడికిళ్లు బిగించి ముందుకు గుద్దుతున్నట్టు అరనిమిషం వేగంగా చేతులు ఆడించండి. తరువాత ఒక నిమిషం నెమ్మదిగా ఆడించండి. ఇలా ఎనిమిది నుంచి పది సార్లు చేస్తే నుదుట చెమట పట్టి తీరుతుంది. మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనంతగా ఆయాసం ఉంటే సరైన పాళ్లలో చేస్తున్నట్టు లెక్క. చేతులతో చేసే శ్రమలో రక్తపోటు కాళ్లతో చేసేటప్పటి కంటే ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి, ఊపిరి బిగబట్టకండి. రక్తపోటు గాని, గుండె సమస్య గాని ఉంటే ముందుగా వైద్యుని అడగండి. చంకకర్రలతో రోజంతా చేతులు కిందికి నెట్టే పనే చేస్తాయి. అందుకని రబ్బరు పట్టీని ఏదైనా కదలని ఆధారానికి కట్టి మీ వైపు లాగుకునే వ్యాయామం తప్పక చేర్చుకోండి. లేకపోతే భుజాలు ముందుకు కుంగి మెడనొప్పి మొదలవుతుంది.

కళ్లు తిరగడం మాత్రం నాకు నచ్చలేదు. ఇప్పుడు మీరు పడితే ప్లేటు వేసిన కాలి మీదే పడతారు. తిండి విషయం నాకంటే తెలిసినవారు చెబుతారు గాని, ఆ ఒంటిపూట భోజనం ఈ రోజే మానండి. భోజనం సరిచేసుకున్న తరువాత కూడా కళ్లు తిరగడం ఆగకపోతే వైద్యునికి చూపించండి.

రెండో సమాధానం (పోషకాహార నిపుణులు):

ముందు ఒక చిన్న సందేహం. మీరు 82 కిలోలు చూసినప్పుడు బూటు విప్పి తూచుకున్నారా, బూటుతోనే తూచుకున్నారా?

ప్రశ్న అడిగినవారు:

బూటుతోనే, ఎడమ కాలి మీద నిలబడి, ఒక చేత్తో గోడ పట్టుకుని తూచుకున్నాను. ఇప్పుడు అనుమానం వచ్చి బూటును విడిగా తూచమన్నాను. ఒక కిలో నాలుగు వందల గ్రాములు ఉంది.

రెండో సమాధానం (కొనసాగింపు):

అంటే మీ నాలుగు కిలోలలో ఒకటిన్నరకు కాస్త తక్కువ మీ ఒంటిది కాదు. గోడ మీద ఎంత ఆనితే అంకె అంత తగ్గుతుంది కాబట్టి మిగతా లెక్క కూడా నమ్మదగినది కాదు. ఒంటికాలి మీద నిలబడి తూచుకోవడం ప్రమాదకరం కూడా. ఈ రెండు నెలలు ఆ యంత్రాన్ని పక్కన పెట్టి, వారానికి ఒకసారి ఉదయం బొడ్డు మట్టంలో నడుము చుట్టుకొలతను, మోకాలి చిప్పకు 10 సెంటీమీటర్ల పైన రెండు తొడల చుట్టుకొలతలను టేపుతో కొలిచి రాసుకోండి. నడుము నిలకడగా ఉండి, రెండు తొడల మధ్య తేడా పెరగకుండా ఉంటే మీరు చక్కగా ఉన్నట్టే.

ఇక నిజంగా పెరిగినది ఎంత అయి ఉండవచ్చో చూద్దాం. మీ బరువున్న వ్యక్తి 5 నుంచి 6 కిలోమీటర్లు నడిస్తే దాదాపు 300 కిలోకేలరీలు ఖర్చవుతాయి. 25 రోజులు నడక ఆగిందంటే 7,500. ఒక కిలో కొవ్వులో ఉండే శక్తి సుమారు 7,700 కిలోకేలరీలు. అంటే మునుపటిలాగే తింటూ నడక ఒక్కటే మానినందువల్ల పెరగగల బరువు ఒక కిలో లోపే. చంకకర్రల మీద నడవడం మామూలు నడక కంటే చాలా శ్రమతో కూడిన పని కాబట్టి, ఇంట్లో తిరిగే కొద్ది దూరమూ అందులో కొంత తిరిగి ఖర్చు చేస్తుంది. దెబ్బ తగిలిన చోట వాపు రూపంలో చేరిన నీరు కూడా యంత్రంలో బరువుగానే కనిపిస్తుంది. దానిని పస్తులతో దించలేము.

ఎముక అతికించుకోవడం శరీరానికి ఒక నిర్మాణపు పని. విరిగిన చోట మొదట మెత్తని కణజాలం ఏర్పడి, వారాల మీద అది గట్టి ఎముకగా మారుతుంది. ఆ కొత్త ఎముక తన తుది రూపానికి రావడం నెలల తరబడి సాగుతుంది. ఈ పనికి శక్తీ కావాలి, మాంసకృత్తులూ కావాలి. మీరు తినకపోతే శరీరం పని ఆపదు గాని, సరుకును కండరాల నుంచి తీసుకుంటుంది. పది రోజులుగా మీ ఒంట్లో జరుగుతున్నది అదే. ఒంటిపూట తిండి వల్ల దిగిన బరువంటూ ఏదైనా ఉంటే అందులో తొడ వాటా ఎక్కువ.

కాబట్టి మీరు ఆశించవలసింది బరువు తగ్గడం కాదు, నిలకడగా ఉండడం. మునుపు తినేదానిలో నడకకు సరిపడిన ఆ 250 నుంచి 300 కిలోకేలరీలు తగ్గిస్తే చాలు. అది కూడా తీపి పానీయాలు, వేపుళ్లు, బిస్కెట్లు, భోజనానికీ భోజనానికీ మధ్య తోచక నోట్లో వేసుకునేవి, వీటిలోంచి తగ్గించండి. మాంసకృత్తులను మాత్రం తగ్గించకపోగా పెంచాలి. మామూలు రోజుల్లో శరీర బరువులో కిలోకు 0.8 గ్రాములు చాలునంటారు. కోలుకునే కాలంలో 1.2 నుంచి 1.6 గ్రాముల వరకు తీసుకోమని సలహా ఇస్తారు. 78 కిలోల మనిషికి అది రోజుకు దాదాపు 95 నుంచి 125 గ్రాములు. దీన్ని ఒకేపూట కుక్కకుండా, రోజులో నాలుగు విడతలుగా, విడతకు 25 నుంచి 30 గ్రాముల చొప్పున పంచుకుంటే కండరాలు మెరుగ్గా వాడుకుంటాయి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 250 మిల్లీలీటర్ల పాలలో 8 గ్రాములు, ఉడికించిన కప్పు పప్పుధాన్యాలలో దాదాపు 15 గ్రాములు ఉంటాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఈ లెక్క అనుసరించకుండా తమ వైద్యులు చెప్పినంతే తీసుకోవాలి.

కాల్షియం రోజుకు 1,000 మిల్లీగ్రాముల వరకు ఆహారంలోనే అందేలా చూసుకోండి. డి విటమిన్ తక్కువగా ఉందేమో రక్తపరీక్షలో చూపించుకోండి. పొగ తాగే అలవాటుంటే, ఎముక అతుక్కోవడానికి అంతకంటే తెలిసిన శత్రువు లేదు. మరో మాట: బాత్రూముకు వెళ్లడం కష్టమని నీళ్లు తాగడం తగ్గించారా? నా దగ్గరకు వచ్చే వారిలో సగం మంది అడిగితేగాని ఈ మాట చెప్పరు. నీళ్లు తగ్గి, దానికి నొప్పి మాత్రలు తోడైతే మలబద్ధకం, తలతిరుగుడు రెండూ వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:

నీళ్ల విషయంలో నన్ను చూసినట్టే రాశారు. సాయంత్రం అయిదు తరువాత నేను నీళ్లు ముట్టడం లేదు. ఈ రోజు నుంచి మార్చుకుంటాను.

మూడో సమాధానం:

నా అభిప్రాయం వేరు. ఆరు వారాలు ఏమీ చేయకుండా పడుకోవడమే క్షేమం. మా బంధువు ఒకరు తొందరపడి వ్యాయామం చేసి స్క్రూ వంచుకున్నారు. ఎముక అతికిన తరువాత బరువు ఎప్పుడైనా తగ్గించుకోవచ్చు.

మొదటి సమాధానం (కొనసాగింపు):

మీ బంధువుకు జరిగినది నిజంగానే జరగగలదు. కాని అనుమతి లేకుండా పాదం మీద భారం వేస్తే అలా జరుగుతుంది, పడుకుని తొడ బిగిస్తే జరగదు. ఈ రెండింటినీ వ్యాయామం అనే ఒకే మాటతో పిలవడం వల్లనే ఇంత భయం. పూర్తిగా మంచానికి అంటుకుపోవడంలోనూ ప్రమాదం ఉంది. కదలని కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. పిక్కలో కొత్తగా నొప్పి, వేడి, ఎరుపు, ఎత్తి పెట్టుకున్నా తగ్గని వాపు కనిపిస్తే ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. కట్టు లేదా బూటు లోపల మందులకు లొంగని నొప్పి పెరుగుతూ, వేళ్లు మొద్దుబారుతున్నా అంతే.

వ్యాయామం ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి మరుసటి ఉదయాన్ని సాక్షిగా పెట్టుకోండి. చేస్తున్నప్పుడు నొప్పి పదికి మూడు దాటకుండా, తెల్లవారేసరికి నొప్పీ వాపూ యథాస్థితికి వస్తే అదే మోతాదు కొనసాగించవచ్చు. రాకపోతే సగానికి తగ్గించండి.

నాలుగో సమాధానం (ఇదే గాయం నుంచి కోలుకున్నవారు):

నాకు రెండేళ్ల క్రితం ఎడమ కాలు విరిగింది. నాకు చికిత్స చేసిన చోట విశ్రాంతి తీసుకోమన్నారు తప్ప, ఏ భాగానికి విశ్రాంతి అన్నది ఎవరూ విడమరచి చెప్పలేదు. నేనూ అడగలేదు. కట్టు విప్పిన రోజు పిక్క నా ముంజేయంత సన్నగా ఉంది. పైన చెప్పినవన్నీ నేను మూడు నెలలు ఆలస్యంగా నేర్చుకున్నాను కాబట్టి, అందులో లేని రెండు మూడు సంగతులు మాత్రం రాస్తాను.

చంకకర్రల పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. భారం పిడుల మీద, అరచేతుల మీద పడాలి. నేను చంకలతో వేలాడుతూ తిరిగేవాణ్ణి. పది రోజులకు కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కి, మణికట్టు పైకి లేపడానికి ఇబ్బంది పడ్డాను. చంకలో నరం నొక్కుకుపోయిందని తరువాత తెలిసింది. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్రలూ గాయపడిన కాలూ వెళ్లాలి. ఈ వరస తప్పితే తూలిపోతారు.

తోచక తినడం గురించి పైవారు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు గాని, నా బరువంతా అక్కడే పెరిగింది. కాలు కాలిన పిల్లిలా తిరిగే మనిషిని ఒకచోట కూర్చోబెడితే చేతికందినదల్లా నోట్లోకి పోతుంది. చిరుతిళ్ల డబ్బా మంచం పక్కనుంచి తీయించి వంటగదిలో పెట్టించాను. చంకకర్రలతో అంతదూరం వెళ్లి, రెండు చేతులూ ఖాళీ లేకుండా, ఆ డబ్బా ఎలా తేవాలో ఆలోచించేసరికి సగం ఆకలి చచ్చిపోయేది. మంచం పక్కన నీళ్ల సీసా, రబ్బరు పట్టీ మాత్రం ఉంచుకున్నాను. ప్రతి గంటకు ఫోనులో గంట మోగగానే అయిదు నిమిషాలు ఏదో ఒక వ్యాయామం చేసేవాణ్ణి. ఒకేసారి ముప్పావు గంట చేయాలనుకున్న రోజుల్లో ఒక్కసారీ చేయలేదు.

కొంత భారం వేయవచ్చని మీకు చెప్పిన రోజున బరువు తూచే యంత్రం మళ్లీ బయటికి తీయండి. కర్రల ఆసరాతో నిలబడి, గాయపడిన పాదాన్ని దాని మీద ఉంచి, చెప్పినన్ని కిలోలు వచ్చేదాకా నొక్కి చూడండి. మంచి కాలి కింద అంతే ఎత్తున్న పీట ఉండాలి. 20 కిలోలంటే ఎంత ఒత్తిడో ఊహకు అందదు. నేను పదిహేననుకుని నొక్కితే ముల్లు ముప్పై దాటింది.

ప్రశ్న అడిగినవారు (అయిదు వారాల తరువాత):

అందరికీ కృతజ్ఞతలు. ఆరో వారం చివర తీసిన ఎక్స్‌రేలో అతుకు బాగుందని చెప్పి, మొదట 20 కిలోల భారానికి, తరువాత విడతలవారీగా పూర్తి భారానికి అనుమతి ఇచ్చారు. మూడు పూటలా తినడం మొదలుపెట్టిన నాలుగో రోజుకే కళ్లు తిరగడం ఆగింది. నడుము కొలత రెండు సెంటీమీటర్లు తగ్గింది. తొడల మధ్య తేడా మూడున్నర సెంటీమీటర్ల నుంచి రెండుకు వచ్చింది. బూటు లేకుండా, రెండు కాళ్ల మీద, గోడ పట్టుకోకుండా తూచుకుంటే 79 కిలోలు ఉన్నాను.

ఇప్పుడు రెండు సందేహాలు. ఒక కర్ర వదిలేయవచ్చన్నారు. మిగిలిన కర్రను ఏ చేత్తో పట్టుకోవాలి? సాయంత్రానికి చీలమండ వాస్తోంది. అయినా మునుపటి నడక మొదలుపెట్టవచ్చా?

మొదటి సమాధానం (కొనసాగింపు):

కర్రను ఎడమ చేత్తో పట్టుకోండి. గాయపడిన వైపే పట్టుకోవాలని అందరికీ అనిపిస్తుంది గాని, కుడి కాలు ముందుకు వేసేటప్పుడు ఎడమ చేతిలోని కర్ర కూడా ముందుకు వెళితేనే శరీరం నిటారుగా ఉండి, కుడి కాలి మీది భారం తగ్గుతుంది. కుంటు లేకుండా నడవగలిగిన నాడే ఆ కర్ర కూడా వదలండి. కర్ర లేకుండా కుంటుతూ నడవడం కంటే కర్రతో తిన్నగా నడవడం మేలు, ఎందుకంటే కుంటు త్వరగా అలవాటైపోతుంది, తరువాత మానదు.

సాయంత్రపు వాపు ఇంకా కొన్ని నెలలు ఉండవచ్చు. గుండె మట్టం కంటే పైకి కాలెత్తి పడుకుంటే తెల్లవారేసరికి దిగిపోతున్నంత వరకు భయం లేదు. నడకను పది నిమిషాలతో మొదలుపెట్టి, మరుసటి ఉదయాన్ని చూసుకుంటూ పెంచండి. మీ వైద్యులు సరేనంటే కదలని సైకిలు వెంటనే తొక్కవచ్చు. గాయం పూర్తిగా మానింది కాబట్టి ఈతకొలనులో నడవడం ఇంకా మంచిది. నడుము లోతు నీటిలో కాళ్ల మీద పడేది శరీర బరువులో దాదాపు సగమే, ఛాతీ లోతులో దాదాపు మూడో వంతే. పరుగు గురించి ఇప్పుడే అడగకండి. ముందు గోడకు వేళ్లు ఆనించి, కుడి కాలి ఒక్కదాని మీదనే మడమ ఎత్తి దించడం ఎన్నిసార్లు చేయగలరో చూడండి. ఎడమ కాలితో పాతిక వస్తే, కుడి కాలితో మొదటిరోజు ఒకటి కూడా రాకపోవచ్చు. అలాంటప్పుడు రెండు కాళ్లతో లేచి, కుడి కాలితో దిగడం సాధన చేయండి.

ప్రశ్న అడిగినవారు:

ఇప్పుడే ప్రయత్నించాను. ఎడమ కాలితో ఇరవై రెండు వచ్చాయి. కుడి మడమ కాగితం దూరేంత లేచింది.

మొదటి సమాధానం (కొనసాగింపు):

ఈ రోజు తేదీ వేసి రాసుకోండి. రోజు విడిచి రోజు, రెండు కాళ్లతో లేచి కుడితో దిగేది పదేసి చొప్పున మూడు విడతలు చేయండి. నెల తరువాత మళ్లీ అంకె చెప్పండి.